కవర్లో పెట్టిన పేపరు

జమ్మలమడుగు బజారు వెనక సందులో గుమాస్తా సీతాపతి ఇల్లు. ఆయన పోయి నెలా పది రోజులైంది. ఆయన భార్య విశాలాక్షి ఎదురుగా, ఒళ్లో సంచి గట్టిగా పట్టుకుని, ప్రొద్దుటూరులో ఎం.కాం. చదివే రమ్యశ్రీ అనే అమ్మాయి కూర్చుని ఉంది. వచ్చి అరగంటైంది. పాపం, వచ్చిన పని తప్ప అన్నీ మాట్లాడింది.

"ఇంగ చాలమ్మా. రెండు గ్లాసులు తాగినా మజ్జిగ."

"ఎండన పడి వచ్చినావు, తాగు. అయితే మీది ప్రొద్దుటూరు కాదంటావు."

"కాదమ్మా. లింగాల, పులివెందుల దగ్గర. మా నాయనకు చీనీకాయల తోట ఉండాది. చదువుకోసరం ప్రొద్దుటూర్లో హాస్టల్లో ఉండా."

"లింగాల పిల్లకు జమ్మలమడుగులో నా ఇల్లు ఎట్ల దొరికె?"

"బజార్లో అడిగినా. సీతాపతి సార్ ఇల్లు యాడ అంటే..."

"అంటే ఏమన్న్యారు? నవ్వినారా?"

"లేదమ్మా. చూపించినారు, అంతే."

"నవ్వింటారులే. నువ్వు మంచిదానివి, చెప్పవు. మా ఆయన నీకెట్ల తెలుసు పాపా? నీ వయసు పిల్లలతో ఆయనకేం పని?"

"సార్ దూరవిద్యలో బీకాం కట్టినారు గదా. ప్రొద్దుటూర్లో ఆ సెంటరు చూసుకునేది మా లెక్చరరు, ఆదినారాయణ సార్. మధ్యాహ్నం పూట నేను ఆడ కౌంటర్లో కూర్చుంటా."

"పరీక్ష సంగతైతే ఎత్తొద్దు."

"దానికోసరమే వచ్చినానమ్మా."

"ఎత్తొద్దంటి గదా. ఆ మాట ఇంగ ఈ ఇంట్లో వినపడకూడదు. పెరుగన్నం కలపనా? మధ్యాహ్నం ఏమన్నా తిన్న్యావా లేదా?"

"అన్నం వద్దమ్మా. ఒక్క మాట వినండి. సార్ కాపీ కొట్టలేదు."

"ఏమంటివి?"

"కాపీ కొట్టలేదు. చీటీ పెట్టలేదు, పక్కోనిది చూడలేదు. ఏమీ చేయలేదు సార్."

"అది నాకు చెప్తావేంది? ముప్పై ఏండ్లు కాపురం చేసినా, నాకు తెలీదా? పోయి ఆయన లెక్కలు రాసిన వేరుశనగ మండీలో చెప్పు. ఆ బజారంతా తిరిగి చెప్పు. పరీక్షల ఫలితాలు వచ్చినాయని మండీలో అందరి ముందర సెల్లు తీసినాడు నరేష్. నరేష్ అంటే మా సావుకారి మేనల్లుడు. 'విత్‌హెల్డ్, మాల్‌ప్రాక్టీస్' అని గట్టిగా చదివినాడంట. హమాలీలు కూడా అడిగినారంట, అంటే ఏందప్పా అని. కాపీ కొట్టినాడని ఇంకోడు చెప్పె."

"తెలుసమ్మా."

"నీకెట్ల తెలుసు?"

"సారే చెప్పినారు. కౌంటర్ కాడికి వచ్చినప్పుడు."

"వచ్చినాడా? ప్రొద్దుటూరు పోతాండా అనేవాడు. డాక్టరు దగ్గరికేమో అనుకుంటి. ఎన్నిసార్లు వచ్చినాడు?"

"మూడుసార్లు."

"మూడుసార్లు! నాకొక్క మాట చెప్పలేదు చూడు. అంతే ఆయన. నోరు తెరవడు. ఆ నరేష్‌కు జమ, ఖర్చు నేర్పించింది ఎవరనుకున్న్యావు? మా ఆయనే. వాడు డిగ్రీ కాయితం పట్టుకోనొచ్చినాడని వాన్ని అకౌంటెంట్ అంటారు. నేర్పించినోడు గుమాస్తా. ఆ ఒక్క మాట కోసరం కట్టినాడు పాపా పరీక్ష, యాభై మూడేండ్లకు. జీతం పెరగాలని కాదు, ఏమీ కాదు. బోర్డు మీద పేరుండాలనా అని నేను ఎగతాళి చేస్తే, 'సచ్చేలోపల ఒకసారి అకౌంటెంట్ అనిపించుకుంటా విశాలా' అన్న్యాడు."

"అమ్మా..."

"కొండాపురం పక్కన మా ఊరు గండికోట డ్యాము నీళ్లలో మునిగినప్పుడు ఊరందరి పరిహారం కాయితాలూ ఆయనే రాసినాడు. ఒక్కటి తిరిగి రాలేదు. సీతాపతి రాసినాడంటే ఆఫీసరు చదవకుండా సంతకం పెట్టేది. అట్లాంటి మనిషి పక్కన, ఫలితాలు వచ్చిన మరుసటి దినం, నరేష్‌ను కుర్చీ ఏసి కూచోబెట్టినాడు సావుకారి. రెండో కన్ను ఉంటే మంచిదన్న్యాడంట. ఆ పొద్దు ఇంటికొచ్చి చొక్కా ఇప్పి కొయ్యకు తగిలించి, అట్లనే గోడ దిక్కు చూస్తా నిలబడినాడు. ఎంత పిలిచినా అన్నానికి రాలేదు."

"డాక్టర్లు ఏమన్న్యారమ్మా? చివర్లో?"

"గుండె అన్న్యారు. గుండే. కాదని నేనెట్ల అంటా? కానీ చెప్తా విను. పొద్దున్నే దీపం పెట్టి ఒకటే మొక్కుకుంటాండా. ఎవరి వల్ల నా మొగుని పేరు పాయనో, వాళ్లు బతికినన్నాళ్లూ ఏడవాల. కడుపు నిండా కూడు తినకూడదు. నిద్ర పట్టకూడదు వాళ్లకు."

"పట్టడం లేదమ్మా."

"ఏంది?"

"నిద్ర. ఆ పేపరు దిద్దింది నేనే."

"నువ్వా? నువ్వు చదువుకునే పిల్లవు గదా. పరీక్ష పేపర్లు దిద్దేది లెక్చరర్లు గదా?"

"పేరు వాళ్లదే. యూనివర్సిటీ నుంచి కట్టలు మా సార్‌కు వస్తాయి. ఆయనకు టైము ఉండదు. ఎం.కాం. పిల్లలకు పంచుతాడు, దిద్దినాక కింద సంతకం పెడతాడు. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. నాకు, నా స్నేహితురాలు ఫాయిజాకు అకౌంటింగ్ ఇచ్చినాడు. జవాబుల కీ ఒకటి, ఎర్ర పెన్నులు రెండు. రోజుకు ముప్పై పేపర్లు దిద్దాల."

"దుడ్లిస్తారా?"

"పేపరుకింత అని ఇస్తారు. దానికి కాదమ్మా నేను ఒప్పుకుంది. సార్ నన్ను నమ్మి ఇచ్చినాడే అని. దిద్దేదాంట్లో ఒక్క తప్పు రాకూడదని రూల్సు కాయితం గోడకు అంటించుకోని కూర్చున్న్యా. ఫాయిజా నవ్వేది, నువ్వేంది కలెక్టరు పరీక్ష దిద్దుతాండావా అని."

"పేరు చూసి దిద్దినావా? సీతాపతి అని ఉండెనా?"

"పేరుండదమ్మా. మూల చించేసి నంబరు గుద్ది ఇస్తారు. ఎవరిదో మాకు తెలీదు. కానీ ఆ పేపరు... ఎట్ల చెప్పేది. కట్టలో అన్నీ గెలుకుడు రాతలు. మధ్యలో ఇది వచ్చింది. గీతలు స్కేలు పెట్టి కొట్టినట్టుండాయి. జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క, అంకెలు ఒకదాని కింద ఒకటి. ఒక్క కొట్టివేత లేదు. నేను పెన్ను కింద పెట్టి ఫాయిజాను పిలిచి చూపించినా."

"ఆయన రాతే అంత."

"ఇంగోటి చెప్పాల. ఆఖరి లెక్కలో తరుగుదల తీసేది ఉంటుంది. యంత్రం పాతబడితే దాని విలువ తగ్గించేది. అందులో కీకి, ఈ పేపరుకు తేడా వచ్చింది. తప్పు కొట్టబోయినా. మల్లా ఎందుకో చేసి చూసినా. మూడుసార్లు చేసినా. కీ తప్పమ్మా. ఈ పేపరు కరెక్టు. మా సార్‌కు చెప్తే ఆయన కీ దిద్దినాడు. అప్పటికి ఫెయిలని పక్కన పెట్టిన పద్దెనిమిది మంది ఆ ఒక్క దిద్దుబాటుతో పాసైనారు."

"మా ఆయన వల్లా?"

"ఆయన వల్లనే. ఆయన పేపరు పక్కన పెట్టుకోని మిగతా కట్టంతా దిద్దినాను నేను."

"ఎన్ని వచ్చినాయి?"

"అమ్మా?"

"మార్కులు. ఎన్ని వచ్చినాయి ఆయనకు?"

"డెబ్బై అయిదుకు డెబ్బై రెండు."

"డెబ్బై రెండు... మల్లా చెప్పు."

"డెబ్బై రెండమ్మా. ఆ కట్టలో అదే ఫస్టు."

"ఆ మూడెందుకు కోసినావు?"

"ఒకచోట లెక్క సరిగ్గానే చేసినారు, పక్కన వివరణ రాయలేదు. ఎందుకు చేసిందీ రాయాల."

"రాయడు. చేసేది చేస్తాడు, ఎందుకని ఎవరికీ చెప్పడు. నవ్వొస్తాంది చూడు నాకు. డెబ్బై రెండు. ఆయనకు తెలుసా?"

"తెలీదమ్మా. చెప్పలేదు."

"మూడుసార్లు నీ ముందర నిలబడితే చెప్పలేదా?"

"చెప్పకూడదని రూలు."

"రూలు! డెబ్బై రెండొస్తే మల్లా కాపీ అని ఎవరన్న్యారు? ఎవడన్న్యాడు ఆ మాట?"

"కాపీ అని ఎవరూ అనలేదమ్మా. మాల్‌ప్రాక్టీస్ అంటే అన్నీ వస్తాయి అందులో. చీటీలు, పక్కోనిది చూసేది, పేపర్లో దుడ్లు పెట్టేది, ఇంకా కొన్ని... అన్నిటికీ ఒకటే మాట వేస్తారు. ఆ పేపర్లన్నీ ఒకటే కవర్లో పెట్టి పైకి పంపుతారు."

"ఆ కవర్లో పెట్టింది ఎవరు?"

"నేనే."

"డెబ్బై రెండు ఇచ్చిన చేత్తోనే?"

"ఆ చేత్తోనే. మార్కులన్నీ కూడి పైన రాసి, చుట్టూ గుండ్రంగా గీత గీసినాను. అప్పుడు గోడ మీద రూల్సు కాయితం కనపడింది. పైనోళ్లు తిరగేసి చూస్తే కట్టంతా వెనక్కి వస్తుంది, మా లెక్చరరు సార్ పేరు పోతుంది అనుకుంటి. ఫాయిజా వద్దే వద్దు అని నా చెయ్యి పట్టుకుంది. నేను వినలేదు. నాది మొదటిసారి. నాకు... నాకు అంతా కరెక్టుగా ఉండాల అనిపించె."

"దేనికి పెట్టినావు? ఏం చేసినాడు ఆయన?"

"చెప్తానమ్మా. మొదటిసారి సీతాపతి సార్ వచ్చినప్పుడు అర్జీ తెచ్చినారు. ఆ చేతిరాత చూస్తానే గుర్తుపట్టినా. ఆ పేపరు ఈయనదే అని తెలిసిపాయ. ఇంత పెద్దాయనా అనుకుంటి. నేను ఎవరో పిల్లోడనుకున్న్యా."

"ఏమని రాసినాడు అర్జీలో?"

"నా తప్పు ఏదో తెలియజేయ ప్రార్థన అని. రెండే వాక్యాలు. ఇచ్చి, మెల్లగా నాతో అన్న్యారు: 'ఏదో ఒక తప్పు అయ్యుంటుంది పాపా. లెక్కలో తప్పు జరిగిందేమో, చూడమను. లెక్కలో తప్పైతే బాగుండు.' నాకు అర్థం కాలేదు. లెక్క తప్పు కావాలని ఎవరన్నా కోరుకుంటారా?"

"నువ్వేమన్న్యావు?"

"మా సార్ లేడు, వారం ఆగి రండి అన్న్యా. నీళ్లిచ్చినా. దిద్దింది నేనే అని చెప్పలేకపోయినా. రెండోసారి వచ్చినప్పుడు కూడా చెప్పలేదు. అప్పుడు పైనోళ్ల కాడ నుంచి జవాబు రాలేదు అని అబద్ధం చెప్పినా."

"ఎందుకు?"

"భయం. నా మొగం చూసి 'నువ్వా' అంటారని భయం."

"పాపా, ఏడవొద్దు. ముందు నా మాటకు జవాబు చెప్పు. ఏం తప్పు చేసినాడు?"

"ఈ కాయితంలో రాసినానమ్మా. దీనికోసరమే వచ్చినా. యూనివర్సిటీకి పంపిద్దామని. కాపీ లేదని, పేపరు దిద్దింది నేనని, మార్కులు బయటపెట్టి సర్టిఫికెట్ ఇయ్యాలని అంతా రాసినా. మీ సంతకం ఉంటేనే చేతికి తీసుకుంటారు. భార్య అడిగినట్టుండాల."

"ఇస్తారా? పోయినోనికి ఇస్తారా సర్టిఫికెట్?"

"ఇస్తారమ్మా. మా సారే చెప్పినాడు. కారణం ఇదీ అని అడిగితే హెచ్చరించి వదిలేస్తారంట, అంత చిన్న తప్పు. కానీ నువ్వు మాత్రం తలదూర్చొద్దు, దిద్దింది నువ్వని తెలిస్తే నీ చదువుకూ నా ఉద్యోగానికీ ఇబ్బంది అన్న్యాడు."

"మరి నీ చదువు?"

"పోతే పోనీ. ఆయన పేరు ఆయనకు రావాల."

"పటం కట్టిస్తా. ఆ సర్టిఫికెట్టూ ఈ కాయితమూ రెండూ మండీకి తీసకపోయి, నరేష్ చేతనే చదివిస్తా. హమాలీల ముందర. గట్టిగా చదవమంటా, ఆ పొద్దు చదివినట్టే. ఇట్ల తే... అద్దాలు యాడనో పెట్టినా. నువ్వే చదువు. తప్పు ఏదని రాసినావో ఆడ చదువు."

"'పై అభ్యర్థి ఎటువంటి నకలుకూ పాల్పడలేదు. జవాబు పుస్తకంలో ప్రతి పుట పైభాగాన...'"

"ఆగినావేం? పైభాగాన?"

"'...ప్రతి పుట పైభాగాన శ్రీ అని రాసినందున, గుర్తింపు చిహ్నముగా భావించి వేరు కవరులో ఉంచడమైనది.'"

"శ్రీనా?"

"ఆ. దేవుని పేర్లు, గుర్తులు ఏవీ రాయకూడదని రూలు. ఆ గుర్తు చూసి ఫలానోళ్ల పేపరని మార్కులు వేస్తారని. శానామంది రాస్తారమ్మా. ఒకరు ఓం, ఒకరు శ్రీరామ, ఒకరు ఏడువందల ఎనభై ఆరు. ఫాయిజా అన్నిటి మీదా ఒకటే ఎర్ర గీత కొట్టి దిద్దుకుంటా పోతుంది. నేను కూడా ఒక్క గీత కొట్టింటే అయిపోయేది. ఇరవై నాలుగు పేజీలు, ఇరవై నాలుగు గీతలు. అంతే."

"ప్రతి పేజీలోనూ రాసినాడా?"

"అన్నిటిలో. నడిమధ్యన, చిన్నగా. ఆవర్జా లెక్కల పుస్తకం మొదలుపెట్టినట్టు."

"ఒక్క పేజీ కూడా వదల్లేదా?"

"లేదమ్మా. ఖాళీగా వదిలేసిన ఆఖరి పేజీలో కూడా ఉండె. ఏందమ్మా? ఏమాయ?"

"ఏంలేదు. ఆయనకు తెలుసునా? తప్పు ఇదని... తెలిసే పోయినాడా?"

"మూడోసారి వచ్చినప్పుడు తెలిసింది. కౌంటర్ పక్కన గోడ మీద పరీక్ష రూల్సు నోటీసు చదువుకుంటా నిలబడినారు. చదివి, దేవుని పేర్లు రాయకూడదనే వాక్యం మీద ఏలు పెట్టి, 'ఇదేనా పాపా?' అని అడిగినారు. నేను తల ఊపినా. అంతే చేసింది నేను."

"కోపం చేసినాడా?"

"లేదు. 'అనుకున్న్యాలే' అన్న్యారు. మల్లా చెయ్యి చాపి, నా అర్జీ నాకిచ్చెయ్యి అన్న్యారు."

"ఎందుకు?"

"అదే నేనూ అడిగినా. కారణం రాసి పంపితే వదిలేస్తారు సార్, సంతకం పెట్టి పోండి అని బతిమాలినా. 'కారణం రాస్తే జవాబులో అదే రాసి ఇంటికి పంపుతారు గదా పాపా' అన్న్యారు. పంపుతారు సార్ అన్న్యా. 'ఇంటికి రాకూడదు ఆ కాయితం. కాపీ అనే అనుకోనీ' అని, అర్జీ నాలుగు ముక్కలు చించి జేబులో పెట్టుకోని పోయినారు."

"కాపీ అనే అనుకోనీ అన్న్యాడా?"

"అదే మాటమ్మా. ఇంత చిన్నదానికా అని మీరు నవ్వుతారేమోనని సిగ్గుపడినారు అనుకుంటి. దానికి బజారంతా దొంగ అనుకుంటే ఒప్పుకుంటారా ఎవరన్నా? ఇప్పటికీ నాకు అర్థం కాదు."

"పెన్నుండాదా?"

"ఉండాది. ఇక్కడ పెట్టాల, ఈ గీత మీద. అమ్మా, అద్దాలు లేకుండానే పెడతారా? కాసేపు ఆగండి. తొందర లేదు."

"ఆగితే పెట్టలేను. ఇట్ల తే... ఆ. తీసుకో. పంపించు."

"మండీకి తీసకపోతా అంటిరి గదా. ఇంగో కాపీ తీసి ఇయ్యనా, నరేష్ చదివేదానికి?"

"ఇయ్యి. చదవనీ. అందరూ విననీ."

"అమ్మా, అట్ల కూర్చోవద్దు. నన్నేమన్నా అనండి. తిట్టండి. ఆ పొద్దు ఆ కవరు అంటించిన చెయ్యి ఇదే."

"నిన్నేమని తిట్టేది పాపా. పరీక్ష నాడు ఆయన హాల్ టికెట్టు మీది రూల్సు చదివి, శ్రీ రాయకూడదంట విశాలా, రాయనులే అన్న్యాడు. శ్రీ లేకుండా రాసేది చావు ఉత్తరమొక్కటే, ఒక్క పేజీ వదలకుండా రాస్తానని ఒట్టేస్తేనే గడప దాటనిస్తానని, ఆయన చెయ్యి తీసి నా నెత్తిన పెట్టుకుంది నేనే."